తురాయి చెట్టు కింది దస్తీ

ఆ రోజుల్లో మా కరీంనగర్‌లో ఫోటో దిగడమంటే స్టూడియోకి పోయి, గోడకు వేలాడే జలపాతం తెర ముందు కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఫోటో తీసేవాడు తిట్టే దాకా కదలకుండా ఉండడమే. కాబోయే దంపతుల్ని పార్కుకు తోలుకుపోయి, చెట్ల కింద నిలబెట్టి, ఒకరి కళ్లల్లోకి ఒకర్ని చూడమని బతిమాలే ముచ్చట అప్పుడప్పుడే మా వైపు పాకుతోంది. ఆ ముచ్చట మొదలుపెట్టిన మహానుభావుడెవరో తెలిస్తే ఇవాళ్టికీ వాళ్లింటి ముందుకు పోయి నాలుగు మాటలు అడిగి వస్తాను. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లోవాళ్లు అంటారు. (మా ఆవిడ దానికి ఇంకొంచెం పెద్ద మాటే వాడుతుంది, అది ఇక్కడ రాయను.) ఎక్కువేమీ కాదు. ఆ సాయంత్రం ఆ పార్కులో నా జాగాలో ఎంత శాంతమూర్తి ఉన్నా కెమెరా తీసి డ్యాం నీళ్లలో విసిరి ఇంటికి పోయేవాడు. నేను విసరలేదు. విసరకపోవడానికి కారణం, అది ఉస్తాద్ కెమెరా కావడం.

ఉస్తాద్ అంటే మా స్టూడియో యజమాని. బస్టాండు వెనక సందులో ఇరుకు దుకాణం, గోరింటాకు పెట్టిన గడ్డం, ముక్కు మీద జారిపోయే కళ్లద్దాలు. ఆయన్ని అసలు పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, దుకాణంలో మా తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. నేను ఆయన దగ్గర చేరింది కెమెరా పట్టుకోవడానికి; పట్టుకున్నది కత్తెర. పాస్‌పోర్టు సైజు ఫోటోలు కత్తిరించడమే పని. జిల్లాలో సగం మంది చెవులు నా కత్తెర అంచునుంచే పోయాయంటే నమ్మండి. కొన్ని చెవులు నిజంగానే పోయాయి, ఆ సంగతి వదిలేద్దాం. అట్లా కత్తిరించీ కత్తిరించీ బొటనవేలు కాయ కట్టిన తర్వాత, ఒకరోజు ఉస్తాద్ అద్దాల మీదినుంచి నన్ను చూసి అన్నాడు: "బేటా, శనివారం చెన్నూరు పార్టీ వస్తుండ్రు. పార్కుల ఫోటోలంట. నేను రాను. నువ్వే తియ్యి. సక్కగ తీసినవనుకో, కెమెరా ఇగ నీ మెడలనే ఉంటది. ఖరాబ్ జేసినవా, మళ్ల గా కత్తెరే. ఇంకో మాట, షూటింగ్ నడుస్తుంటె ఫోన్ ముట్టొద్దు. గిరాకి ముంగట ఫోన్‌ల మాట్లాడెటోడు ఫోటోగ్రాఫరే గాదు."

ఈ ఫోన్ మాట మీరు మర్చిపోకండి. నేను మర్చిపోలేదు.

ఇక జాగా వెతకడం మొదలుపెట్టాను. డ్యాం కట్ట పక్కన ఉన్న ఆ పార్కు ఎంత పెద్దదంటే, లోపల తప్పిపోయిన పిల్లల్ని మైకులో పిలిచేవాళ్లు. అంత పెద్ద పార్కులో ఇద్దరు మనుషులు అందంగా నిలబడడానికి జాగా లేదంటే మీరు నమ్మరు. ఫౌంటెన్ ఉంది, నీళ్లు రావు. పూలతోట అని బోర్డుంది, బోర్డు మీదే పూలున్నాయి. సిమెంటు జిరాఫీ ఉంది, దాని మెడ మీద ఎవరో తమ ప్రేమను మేకుతో చెక్కారు, అందులోనూ పిల్ల పేరు కొట్టేసి ఇంకో పేరు రాశారు. చుక్క నీరు లేని కాలువ మీద వంతెన ఉంది, దానికి కళ్లు బైర్లు కమ్మే నీలం రంగు వేశారు. హృదయం ఆకారంలో కత్తిరించిన పొద ఒకటుంది. ఎటునుంచి చూసినా గుత్తి వంకాయలా ఉంటుంది. ఎక్కడ నిలబెట్టినా వెనక ఊయల, ఊయలలో ఏడ్చే పిల్ల, పిల్ల వెనక ఐస్‌క్రీం బండి. రోజూ దుకాణం నుంచి వెళ్లి తిరిగాను, తిట్టుకున్నాను. చివరికి పార్కు కొసన, మామూలుగా జనం పోని వైపు, దొరికింది.

తురాయి చెట్టు. ఎండాకాలం కదా, నెత్తిమీద నిప్పంటుకున్నట్టు పూసి ఉంది. దాని కింద మా జిల్లా నల్లరాయితో చేసిన బల్ల. వెనక డ్యాం నీళ్లు తప్ప ఇంకేమీ లేవు, ఊయల లేదు, బండి లేదు. పొద్దు కుంకే ముందు కొద్దిసేపు ఎండ నీళ్ల మీద పడి, అక్కడినుంచి మెత్తబడి బల్ల మీదకు వస్తుంది. ఆ బల్ల మీద నన్ను కూర్చోబెట్టినా నేనూ అందంగా ఉంటాననిపించింది. (ఒకసారి కూర్చుని ఫోనులో తీసుకున్నాను కూడా. లేను.) పరుగున వచ్చి ఉస్తాద్‌కు చెప్పాను, తురాయి చెట్టు, నల్లరాతి బల్ల, నీళ్ల మీది ఎండ, అంతా చేతులు ఊపుతూ చెప్పాను. ఆయన తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. అంతే, ఒక్క ఊఁ. నాకు ఒళ్లు మండింది.

ముందుకు పోయే ముందు మా వైపు దస్తీ గురించి తెలియని వాళ్లకు కాస్త చెప్పాలి. దస్తీ అంటే జేబురుమాలే. కానీ మా బస్టాండుల్లో అది రుమాలు కాదు, చట్టం. బస్సు ఇంకా ఆగకముందే దాని పక్కన పరిగెత్తుతూ కిటికీలోంచి సీటు మీదకు దస్తీ వేస్తే, ఆ సీటు మీది. మీరు తర్వాత తీరికగా చాయ్ తాగి వచ్చినా సరే, ఆ సీటులో ఎవరూ కూర్చోరు. పహిల్వానులాంటి మనిషి వచ్చినా, దస్తీ చూసి, నిట్టూర్చి, నిలబడతాడు. దస్తీ లేనివాళ్లు పేపరు వేస్తారు, చెప్పు వేస్తారు, టిఫిను గిన్నె వేస్తారు. మా బాపు అయితే ఒకసారి బాసర పోయే బస్సులోకి నన్నే వేశాడు. అవ్వ ఎక్కి వచ్చేదాకా నేను రెండు చేతులూ చాపి మూడు సీట్లు కాపలా కాశాను. చదువుకంటే ముందు మేం నేర్చుకునే సంగతి ఇది. ఇంకొకరి దస్తీ ముట్టినవాణ్ణి నేను మా ఊళ్లో ఇంతవరకు చూడలేదు.

శనివారం వచ్చింది, చెన్నూరు పార్టీ దిగింది. పెళ్లికొడుకు మంచిర్యాలలో బైకుల దుకాణంలో పనిచేస్తాడట. కొత్త సూటులో ఉడికిపోతూ, మెడ దగ్గర వేలు పెట్టి గాలాడించుకుంటున్నాడు. పెళ్లికూతురు నర్సు, నిదానం మనిషి. వాళ్లిద్దర్నీ ఒంటరిగా పంపడం ఇష్టంలేక తోడు వచ్చింది పెళ్లికూతురి చిన్నమ్మ, వాళ్ల చర్చిలో అందరికంటే గట్టిగా పాటలు పాడే మనిషి. గేటు దగ్గరే నా చేయి పట్టుకుని చెప్పేసింది: "బిడ్డా, చెన్నూరు ఆఖరి బస్సు దొరకాలె. మళ్ల రాము. గీ ఫోటోనే ఫంక్షన్ హాలు ముంగట ఫ్లెక్సీ మీద ఏస్తరు, రేపే ఇయ్యాలె ఫ్లెక్సీ దుకాణంల." నేను గర్వంగా "మీరు ఫికర్ జేయకున్రి అమ్మా, జాగ సూసి పెట్టిన" అన్నాను. ఫోను సైలెంటులో పెట్టి సంచి అడుగున పడేశాను. ఉస్తాద్ మాట కదా.

తురాయి చెట్టు దగ్గరికి పోయేసరికి బల్ల ఖాళీగా ఉంది. నీళ్ల మీద ఎండ అప్పుడే మెత్తబడుతోంది. నా గుండె సంతోషంతో ఎగిరింది, ఎగిరి అక్కడే ఆగింది. బల్ల మధ్యలో, ఎర్ర అంచు తెల్ల దస్తీ, కొత్తది, ఎగిరిపోకుండా మీద చిన్న రాయి పెట్టి మరీ ఉంది. అట్లాంటివి బస్టాండులో గంపలకొద్దీ అమ్ముతారు. చుట్టూ చూశాను. మనిషి జాడ లేదు.

"ఎవ్వలిదో దస్తీ ఉన్నది" అన్నాడు పెళ్లికొడుకు, చనిపోయిన మనిషిని చూసినట్టు రెండడుగులు వెనక్కి వేసి.

"గిప్పుడే వస్తడు తియ్యి, ఒంటికి పోయిండేమొ" అంది చిన్నమ్మ. సరే, అంతలో వేరేచోట తీద్దామని వంకాయ పొద దగ్గరికి తీసుకుపోయాను. ఎండ నేరుగా మొహాల మీద కొట్టింది. పెళ్లికొడుకు కళ్లు మూసుకున్నాడు, పెళ్లికూతురు తెరిచింది, ఆయన తెరిచేసరికి ఆమె తుమ్మింది. వెనకనుంచి ఊయల పిల్ల ప్రతి ఫోటోలోనూ దూరింది. మళ్లీ తురాయి దగ్గరికి వచ్చాం. దస్తీ అట్లాగే ఉంది. ఎండ మాత్రం కొంచెం జరిగింది.

అప్పుడు మొదలైంది నా కోపం. ఆ కనబడని మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో! జాగా కావాలంటే కూర్చోవాలి, లేకపోతే పోవాలి. దస్తీ వేసి ఊరు తిరగడమేమిటి? వాడు ఎట్లా ఉంటాడో కూడా ఊహించుకున్నాను: బుర్ర మీసం, నోట్లో పాన్, మాట్లాడితే ఉమ్మి. వాడు రాగానే ఏమేం అనాలో వరసగా పేర్చి పెట్టుకున్నాను. తీసి పక్కన పెట్టి కూర్చుంటే పోయేది కదా అని మీరనుకోవచ్చు. అనుకోండి. మాలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు.

ఇంతలో జగిత్యాలనుంచి ఇంకో పార్టీ వచ్చింది, వాళ్ల ఫోటోగ్రాఫరుతో సహా. వాళ్లూ ఈ తురాయినే చూసిపెట్టుకున్నారట. వచ్చారు, దస్తీ చూశారు, "ఎవ్వలిది?" అన్నారు, "తెల్వది" అన్నాం, వాళ్లూ మా వెనక నిలబడ్డారు. ఖాళీ బల్ల చుట్టూ రెండు పెళ్లి జంటలు, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, తోడొచ్చిన వదినలు, చిన్నమ్మలు, అందరం అటూ ఇటూ చూస్తూ, వాచీలు చూసుకుంటూ, గట్టిగా మండిపడుతూ. జగిత్యాల వదిన "గిసుంటోళ్లను పార్కులకే రానియ్యొద్దు" అంది. చిన్నమ్మ ఇక తట్టుకోలేక కొంగు తలమీదకు లాక్కుని, కళ్లు మూసుకుని, ప్రార్థన అందుకుంది: "ప్రభువా, గా దస్తీ ఆయన యాడున్నడో నీకు తెలుసు. ఆయన పానానికి ఏం గాకుండ కాపాడు. జర జల్ది తోలియ్యి. మాకు బస్సున్నది తండ్రీ." జగిత్యాలవాళ్లు కూడా ఆమెన్ అన్నారు.

ప్రార్థనకు జవాబుగా ముందు వచ్చింది హైదరాబాద్ కారు. అందులోంచి దిగిన ఫోటోగ్రాఫరు దగ్గర వెలుగు పట్టే రెండు తెల్ల గొడుగులున్నాయి, అందుకే మేం ఆయన్ని గొడుగుల సార్ అనుకున్నాం. ఆయన తురాయిని చూశాడు, నీళ్లను చూశాడు, ఖాళీ బల్లను చూశాడు, చుట్టూ నిలబడ్డ మమ్మల్ని చూశాడు.

"ఎవరూ కూర్చోలేదు కదండీ, మేం ఓ పది నిమిషాలు వాడుకుంటాం" అంటూ బల్ల వైపు నడిచి, దస్తీ మీదకు చేయి చాపాడు.

"ఓ సార్!" అని అరిచింది ఎవరో కాదు, నేనే. "దస్తీ ఉన్నది, కనవడ్తలేదా?"

"ఉంది, అయితే? తీసి పక్కన పెడతాను."

"అట్లెట్ల తీస్తరు సార్?" అన్నాడు పెళ్లికొడుకు, కోటు చేతులు పైకి లాక్కుంటూ. జగిత్యాల ఫోటోగ్రాఫరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అంతవరకు మేమిద్దరం ఒకర్నొకరం దొంగల్లా చూసుకున్నవాళ్లం.

గొడుగుల సార్ నవ్వాడు. "మీరూ ఈ జాగా కోసమే నిలబడ్డారు కదా?"

"నిలబడ్డం. గందుకే చెప్తున్న. మేం గింతసేపు నిలబడ్డది నువ్వొచ్చి తీసేతందుకా?" అన్నాను. ఆ దస్తీ వల్ల నా బతుకు కత్తెరపాలవుతోంది, దాన్ని వేసినవాణ్ణి దొరికితే నమిలేద్దామని ఉంది, అయినా దాన్ని కాపాడడానికి నేనే అడ్డం నిలబడ్డాను. ఆ కోపం ఎవరిమీదో నాకే అర్థంకాలేదు. గొడుగుల సార్ మమ్మల్ని ఒకసారి పరికించి చూసి, "మీ ఇష్టం" అని గొడుగులు మూసుకుని, నీలం వంతెన దగ్గరికి పోయాడు. పోనీ అనుకున్నాం. ఎండ నీళ్లనుంచి జారి అవతలి గట్టుమీదకు పోయింది.

అప్పుడు వచ్చాడు మా ఉస్తాద్. నా మొదటి పని ఎట్లా సాగుతోందో చూద్దామని దుకాణం మూసి స్కూటరు మీద వచ్చాడట. గుంపును చూసి ఏదో జరిగిందనుకుని "జరుగున్రి, జరుగున్రి" అంటూ తోసుకుని లోపలికి వచ్చాడు. ఆయాసపడుతూ నల్లరాతి బల్ల మీద కూలబడ్డాడు. రాయి తీసి పక్కన పెట్టాడు, దస్తీ తీసుకుని దులిపి, మెడ తుడుచుకున్నాడు, చెవుల వెనక తుడుచుకున్నాడు. తర్వాత నన్ను చూసి, "అయిపోయిందా బేటా? ఎట్లొచ్చినయ్?" అన్నాడు.

చిన్నమ్మ చేతులు జోడించి పైకి చూసి, "స్తోత్రం తండ్రీ" అంది. తర్వాత కిందికి చూసి, "అన్నా, గీ దస్తీ మీదా?" అంది.

"నాదే. పొద్దుగాల నమాజ్ అయినంక వచ్చి ఏసిపోయిన. శనివారం గద, మా పోరనికి జాగ దొరకదని. కొత్తది గొన్న."

అందరూ నావైపు తిరిగారు. జగిత్యాల వదిన చూపు ఇంకా నా వీపు మీద ఉన్నట్టే ఉంటుంది. నేను ఉస్తాద్ మీదికి లేచాను. "నాకు చెప్పొద్దా ఉస్తాద్? చెప్తె నోరు పోతదా? గంటలకొద్ది నిలబడ్డం!"

"ఫోన్ చేసిన గదరా! మోగి మోగి సచ్చింది. ఎందుకు ఎత్తలే?"

"షూటింగ్‌ల ఫోన్ ముట్టొద్దన్నది మీరే గద!"

"అరే దీవానా, షూటింగ్ యాడ నడిచిందిరా?"

ఈ మాటకు జవాబు ఎన్నో ఏళ్లనుంచి, స్నానం చేసేటప్పుడు కూడా, ఆలోచిస్తూనే ఉన్నాను.

"సూస్తవేంది, కొట్టు!" అని అరిచాడు ఉస్తాద్. జంటను బల్ల మీద కూర్చోబెట్టి కొట్టాను, నీళ్ల మీద మిగిలిన ఆ కాస్త వెలుగులో, జగిత్యాలవాళ్లు వెనకనుంచి పళ్లు నూరుతుంటే. ఫోటోలో తురాయి వచ్చింది, నీళ్లు వచ్చాయి, ఆకాశం అద్భుతంగా వచ్చింది. మనుషులిద్దరూ మసిబొమ్మల్లా వచ్చారు. చిన్నమ్మ కెమెరాలోకి తొంగిచూసి, నన్ను ఓదార్చడానికి, "ముక్కులైతె మంచిగ కనవడ్తున్నయ్ బిడ్డా" అంది. పరుగున పోయి బస్సెక్కారు.

సోమవారం దుకాణంలో నా బల్ల మీద కత్తెర ఉంది. దస్తీ ఆయనది, కత్తెర నాకా అని లోపల రగిలిపోతూ కత్తిరించాను. ఆ వారం పోయిన చెవులకు లెక్కలేదు.

పెళ్లికి ఇద్దరం చెన్నూరు పోయాం. పోయేటప్పుడు కెమెరా సంచి ఉస్తాద్ నా మెడలో వేశాడు. మోయడానికి మనిషి కావాలి కదా అనుకున్నాను. ఫంక్షన్ హాలు ముందు ఇంటెత్తు ఫ్లెక్సీ, దానిమీద చెట్టు కింద రెండు నల్లటి ఆకారాలు. వచ్చినవాళ్లంతా ఎవరి పెళ్లో అర్థంకాక గేటు దగ్గరే ఆగిపోతుంటే, చిన్నమ్మ ఫ్లెక్సీ పక్కన కుర్చీ వేసుకుని, "గిది మా పిల్ల, గిది అల్లుడు, నడుమల దస్తీ ఉండె" అని కథంతా మొదటినుంచి చెప్పి లోపలికి పంపుతోంది. జనం నవ్వుకుంటూ వచ్చి నన్ను వేలుపెట్టి చూపించుకున్నారు. కడుపునిండా భోజనం పెట్టారు, అది కూడా కోపంగానే తిన్నాను.

తిరుగు ప్రయాణంలో చెన్నూరు బస్టాండులో కరీంనగర్ బస్సు మలుపు తిరగగానే, మా ముసలి ఉస్తాద్ లుంగీ ఎగ్గట్టి బస్సు పక్కన పరిగెత్తాడు. అదే ఎర్ర అంచు దస్తీ కిటికీలోంచి విసిరాడు. ఒక్క సీటు దొరికింది. నన్ను అందులోకి తోసి, "కూసో" అన్నాడు.

"మీరు కూసోన్రి ఉస్తాద్, నేను నిలబడ్త."

"కెమెరా ఉన్నోడు కూసోవాలె. నిలబడితె గుంతల ఎగిరి పలుగుతది."

"అయితె కెమెరా మీరు పట్టుకొని కూసోన్రి."

"నేనెందుకు పడ్త? గది నీ మెడల ఏసిన గద" అన్నాడు కిటికీ వైపు చూస్తూ. "ఇగ నీ మెడలనే ఉంటది. ఫోన్ మాత్రం ఎత్తు."

కరీంనగర్ దాకా పై కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు. మధ్యలో ఎన్ని సీట్లు ఖాళీ అయినా కూర్చోలేదు, దస్తీ లేదుగా అన్నాడు. అంత మొండి మనిషిని నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద మళ్లీ కోపమొచ్చింది.

ఇప్పుడు ఉస్తాద్ ఆదిలాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు, దుకాణం నాది. మొన్న ఒక జంటకోసం ముందుగా పార్కుకు పోయి, తురాయి కింద బల్ల మీద దస్తీ వేసి, రాయి పెట్టి, వాళ్లను తీసుకురావడానికి గేటు దగ్గరికి పోయాను. తిరిగివచ్చేసరికి కాలేజీ పిల్లలిద్దరు నా బల్ల మీద కూర్చుని ఫోనులో ఫోటోలు తీసుకుంటున్నారు. నా నెత్తురు ఉడికింది. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న తిట్లన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి. వాళ్లమీదకు పోయాను.

పిల్లవాడు నన్ను చూసి గబుక్కున లేచి, నాలుగు మడతలు పెట్టి భద్రంగా దాచిన దస్తీని రెండు చేతులతో అందించాడు. "అంకుల్, ఇది ఇక్కడ పడిపోయి ఉండె. మీదేనా?"

వెనకనుంచి నా జంట చూస్తోంది. నీళ్ల మీద ఎండ మెత్తబడుతోంది. నేను దస్తీ తీసుకుని మెడ తుడుచుకున్నాను, చెవుల వెనక తుడుచుకున్నాను.

"నాదే బిడ్డా" అన్నాను.